ఇంటి స్టూడియోలో గొంతు రికార్డింగ్‌కి బూస్టరా, విడి ప్రీయాంపా?

షూర్ ఎస్‌ఎం7బి లాంటి డైనమిక్ మైక్ (కరెంటు అక్కర్లేని రకం) నుంచి సిగ్నల్ చాలా సన్నగా వస్తుంది. దానికి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్, అంటే సిగ్నల్ పెంపు, కావాలి. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇచ్చేది 56. నాలుగో తరం 69 ఇస్తుంది కాబట్టి, అది మీ దగ్గరుంటే ఏదీ కొనకండి. మిగతావాళ్లకి దారులు రెండు: మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టి సిగ్నల్‌ని కొంత పెంచే క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 బూస్టర్, లేదా మైక్ సిగ్నల్‌ని తనే పూర్తిగా పెంచే ఆర్ట్ ట్యూబ్ ఎంపీ ప్రీయాంప్.

ధర: సాధారణంగా ట్యూబ్ ఎంపీయే చౌక.

గెయిన్: బూస్టర్ 25 డెసిబెల్స్ వరకు కలుపుతుంది. ట్యూబ్ ఎంపీ ఒక్కటే 70 వరకు ఇస్తుంది.

శ్రమ: బూస్టర్‌కి నాబ్‌లే లేవు, ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ గుండా వెళ్లే కరెంటు) బటన్ నొక్కితే చాలు. ప్రీయాంప్‌కి అడాప్టర్ కావాలి, రెండు నాబ్‌లు చూసుకోవాలి. దాని అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి. మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చితే సిగ్నల్ ఇంటర్‌ఫేస్‌లోని రెండో ప్రీయాంప్ గుండా కూడా పోయి ఇట్టే క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి చెడిపోతుంది.

నాదం: బూస్టర్ గొంతును ఉన్నదున్నట్టే పెంచుతుంది. ట్యూబ్ ఎంపీలో 12ఏఎక్స్7 అనే వాక్యూమ్ ట్యూబ్ ఉంది, ఇన్‌పుట్ పెంచితే గరగర కలుస్తుంది. ట్యూబ్ అనగానే పాత పాటల వెచ్చదనం ఆశించకండి. ఇందులో ట్యూబ్‌కి అందే వోల్టేజీ తక్కువ. పైగా ట్రాక్‌లో పడ్డ గరగరను తర్వాత తీయలేం. కావాలంటే ప్లగిన్‌తో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో జోడించే ఎఫెక్ట్) ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

రిస్క్: బూస్టర్ ఫాంటమ్‌ను తనే వాడుకుంటుంది, మైక్‌కి పంపదు. రేపు ఫాంటమ్ కావాల్సిన కండెన్సర్ మైక్ కొంటే బూస్టర్‌ని పక్కన పెట్టాల్సిందే. ట్యూబ్ ఎంపీ కండెన్సర్‌కీ పనికొస్తుంది.

ఒకే డైనమిక్ మైక్‌తో పాడ్‌కాస్ట్, డబ్బింగ్, కథలు చదవడం చేసేవాళ్లకి బూస్టర్. మైకులు మారుస్తూ పాడేవాళ్లు, నాబ్‌లతో కుస్తీకి ఓపికున్నవాళ్లు ప్రీయాంప్ తీసుకోవచ్చు.