సెప్రాఫిల్మ్: పేగులు అతుక్కోకుండా కడుపులో పరిచే పొర ఏ మేరకు పనికొస్తుంది?

కడుపు ఆపరేషన్ ఎంత నేర్పుగా చేసినా, కడుపు గోడను, పేగులను లోపలి నుంచి కప్పి ఉంచే పెరిటోనియం అనే పలుచని పొర గాయపడిన చోట కొన్ని గంటల్లోనే ఫైబ్రిన్ అనే జిగురు పదార్థం పేరుకుంటుంది. మామూలుగా అది కొద్ది రోజుల్లో కరిగిపోవాలి. కరగకపోతే అందులోకి కణాలు, రక్తనాళాలు చేరి, పేగును పేగుకో, కుట్ల వెనకనున్న కడుపు గోడకో బిగించే పట్టీగా మారుతుంది. వీటినే అతుకులు అంటాం. ఏళ్లు గడిచాక పేగు మెలిపడి దారి మూసుకుపోవడానికి, రెండోసారి కడుపు తెరిచినప్పుడు పేగుకు చిల్లు పడటానికి, కొందరు స్త్రీలలో గర్భం రాకపోవడానికి ఇవి కారణమవుతాయి. ఈ అతుకులను ఒక్కొక్కటిగా విడదీస్తూ గంటలు గడిపిన శస్త్రవైద్యుడిగా, వాటిని ముందే అడ్డుకోగలిగే ఏ వస్తువునైనా నేను శ్రద్ధగా పరిశీలిస్తాను.

సెప్రాఫిల్మ్ అటువంటిది. సోడియం హైలురొనేట్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కలిపి చేసిన ఈ పలుచని పారదర్శక పొరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996లో అనుమతి ఇచ్చింది. దీనికి కుట్లు అక్కరలేదు. తడి కణజాలం మీద పరిస్తే అంటుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో జెల్‌గా మారి, వారం వరకు గాయపడిన రెండు ఉపరితలాలనూ ఎడంగా ఉంచుతుంది, సుమారు 28 రోజుల్లో శరీరం నుంచి వెళ్లిపోతుంది. పెరిటోనియం పైపొర తిరిగి ఏర్పడటానికి పట్టేది కూడా దాదాపు వారమే కనుక, దీని రూపకల్పనలోని అసలు తెలివి ఆ గడువును సరిపోల్చడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇది మాటల్లోనే మిగిలిపోలేదు. పెద్దపేగు తొలగించిన 183 మందిపై జరిపి 1996లో ప్రచురించిన పరీక్షలో, కొన్ని వారాల తరువాత రెండో ఆపరేషన్ సమయంలో లాప్రోస్కోపుతో (చిన్న రంధ్రం గుండా లోపలికి పంపే కెమెరా గొట్టంతో) చూస్తే, పొర వేసినవారిలో 51 శాతం మందికి మధ్య కోత కింద అతుకులే లేవు. వేయనివారిలో అలా ఉన్నది 6 శాతమే. ఆ తేడా చిన్నది కాదు. అయితే రోగికి కావలసింది అతుకులు తగ్గడం ఒక్కటే కాదు, తరువాత పేగు అడ్డుపడకపోవడం. ఆ ప్రశ్నతో దాదాపు 1,700 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పేగు అడ్డుపడినవారి మొత్తం శాతం రెండు వర్గాల్లోనూ 12 దగ్గరే నిలిచింది; అతుకుల వల్ల అడ్డుపడి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చినవారు మాత్రం 3.4 శాతం నుంచి 1.8 శాతానికి తగ్గారు. అంటే ఈ పొర ప్రయోజనం నిజమే, కానీ "ఇది వేస్తే ఇక పేగు అడ్డుపడదు" అని రోగికి చెప్పడం తప్పు.

వాడకంలో పొర పెళుసు. చేతి తొడుగు తడిగా ఉంటే దానికే అంటుకుపోతుంది, వంచితే విరుగుతుంది; అందుకే తెరిచి చేసే ఆపరేషన్‌లో అమరినంత సులువుగా లాప్రోస్కోపు సన్నని గొట్టం గుండా అమరదు. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది: పేగును కోసి మళ్లీ కలిపి కుట్టిన చోటు చుట్టూ దీన్ని చుట్టకూడదు, ఎందుకంటే అలా చుట్టినవారిలో ఆ చోట లీకు ఎక్కువగా కనిపించింది. నా లెక్కలో ఈ పొరను మూసే ముందు కోత కిందే పరచాలి.

మన ప్రాంతంలో ఈ చర్చకు మరో కారణమూ ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. రెండో, మూడో సిజేరియన్‌లో మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండటం మాకు కొత్త కాదు. అయినా పై లెక్కలు పేగు ఆపరేషన్లవి కనుక, వాటి ఆధారంగా ప్రతి సిజేరియన్‌కూ ఈ పొర కావాలని నేను అనను. కణజాలాన్ని సున్నితంగా పట్టుకోవడం, ఎండనివ్వకపోవడం, పొడి లేని తొడుగులు వాడటం అక్కడ ముందు జరగాలి. పొడి చల్లిన తొడుగులను అమెరికా 2017లో నిషేధించడానికి చూపిన కారణాల్లో అతుకులు కూడా ఉన్నాయి.

మళ్లీ కడుపు తెరవక తప్పదని ముందే తెలిసిన రోగికి, ముఖ్యంగా తాత్కాలికంగా పేగును బయటికి తెచ్చిపెట్టినవారికి, నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.