అనువాదమా, ఒకే వాక్యాన్ని తిప్పి రాయడమా?

ఇంగ్లిష్ నేర్చుకోవడానికి తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం శ్రీకాకుళం పిల్లలకు అలవాటైన పద్ధతే. చిక్కేమిటంటే, మన క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లిష్‌లో కర్త పక్కనే. అందుకే ‘నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు’ కాస్తా ‘టు మీ టూ బ్రదర్స్ ఆర్’ అయిపోతుంది. కావలసింది ‘ఐ హావ్ టూ బ్రదర్స్’.

రెండో పద్ధతికి, అంటే ఒకే వాక్యాన్ని తిప్పి రాయడానికి, ‘షీ సెల్స్ క్యాషూస్ ఇన్ పలాస’ తీసుకోండి. ప్రశ్నైతే ‘డజ్ షీ సెల్’, కాదంటే ‘షీ డజంట్ సెల్’, నిన్నటిదైతే ‘షీ సోల్డ్’. ‘డజ్ షీ సెల్స్’ అని జారేది ఇక్కడే: ‘సెల్స్’ చివరి ‘ఎస్’ను ‘డజ్’ లాగేసుకుంది, మళ్లీ తగిలించకూడదు. రోజుకో వాక్యం, నాలుగు రూపాలు, పైకి చదువుతూ రాస్తే చాలు.

కొత్తవాళ్లకు ఇదే మేలు. అనువాదం దండగని కాదు. ‘ఎ’, ‘ది’ ఎక్కడ వదిలేస్తున్నామో పట్టిచ్చేది అదే, తెలుగులో అవి లేవు కదా.