1970 కాడిలాక్‌కు నాలుగో గేరు: 200-4ఆర్ గేర్‌బాక్స్ పెట్టించుకోవచ్చా?

ముందే చెప్పేస్తా. పాత కాడిలాక్‌ను హైవే ఎక్కించేవాళ్ళయితే 200-4ఆర్, అంటే జనరల్ మోటార్స్ వాళ్ళ నాలుగు గేర్ల ఆటోమేటిక్, పెట్టించుకోండి, చాలా బాగుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకే తిప్పేవాళ్ళయితే మాత్రం కంపెనీతో వచ్చిన గేర్‌బాక్స్‌ను కదిలించకండి, దానికి ఏ లోటూ లేదు.

బండి మా మామది, 1970 డివిల్. 472 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్, అంటే 7.7 లీటర్లు. రెండు టన్నుల పైన బరువు, 5.7 మీటర్ల పొడవు, పైగా లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్, కాబట్టి హన్మకొండ చౌరస్తాలో మళ్ళించాలంటే పక్కన కూర్చున్నవాళ్ళు దిగి ట్రాఫిక్ ఆపాల్సిందే. దీనికి కంపెనీ ఇచ్చింది టర్బో హైడ్రామాటిక్ 400, మూడు గేర్ల ఆటోమేటిక్. 1964లో కాడిలాక్‌లోనే మొదలైన ఈ గేర్‌బాక్స్‌ను రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలో, జాగ్వార్ ఎక్స్‌జే12లో కూడా వాడారంటే అది ఎంత గట్టిదో మీకే అర్థమవుతుంది.

మరి ఎందుకు మార్చాం? హైదరాబాద్ రోడ్డు కోసం. వెనక యాక్సిల్ నిష్పత్తి 2.93, అంటే చక్రం ఒకసారి తిరగాలంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 2.93 సార్లు తిరగాలి. పాత మూడో గేరులో గంటకు వంద కిలోమీటర్ల మీద పోతుంటే ఇంజన్ నిమిషానికి 2100 సార్ల దగ్గర తిరుగుతుంది. వినడానికి అదేం పెద్ద లెక్క కాదు గానీ, ఎండాకాలం ఏసీ వేసుకుని జనగామ నుంచి భువనగిరి దాకా ఆగకుండా పోతే టెంపరేచర్ ముల్లు ఎక్కడం, పెట్రోలు ముల్లు దిగడం రెండూ కళ్ళముందే కనిపించేవి. 200-4ఆర్‌లో నాలుగో గేరు నిష్పత్తి 0.67, అంటే ఆ షాఫ్ట్ ఒకసారి తిరిగేలోపు ఇంజన్ 0.67 సార్లే తిరుగుతుంది. అదే వందకు ఇంజన్ 1400 చిల్లర తిరుగుతుంది. మొదటి గేరు కూడా 2.48 నుంచి 2.74 అయింది కాబట్టి సిగ్నల్ దగ్గర లేవడం ముందుకన్నా చురుగ్గా ఉంది.

జనరల్ మోటార్స్‌దే ఇంకో నాలుగు గేర్ల ఆటోమేటిక్ 700ఆర్4 ఎందుకు కాదని చాలామంది అడుగుతున్నారు. అది షెవర్లే బోల్టుల వరుసకు (ఇంజన్‌కు గేర్‌బాక్స్ బిగించే బోల్టు రంధ్రాల అమరికకు) చేసింది, మన ఇంజన్‌కు నేరుగా కూర్చోదు, మధ్యలో అడాప్టర్ ప్లేటు పెట్టాలి. దాని మొదటి గేరు 3.06, రెండోది 1.63, మధ్యలో పెద్ద గుంట. ఇంత మెత్తగా పోయే బండికి అది నప్పదు. ఇంకో గేర్‌బాక్స్ 4ఎల్80ఈ నిజంగా బలమైంది, కానీ దానికి కంప్యూటర్ కావాలి, బరువూ ఎక్కువే. 200-4ఆర్‌కు కాడిలాక్ వరుస, షెవర్లే వరుస రెండూ కేసులోనే ఉంటాయి, అడుగున మౌంటు కూడా దాదాపు పాత చోటికే వస్తుంది. ఫ్లోరు కోయాల్సిన పని లేదు. యాభై ఏళ్ళ బండికి కట్టర్ పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, అందుకే ఇది నచ్చింది.

అయితే మామూలు 200-4ఆర్ ఈ ఇంజన్‌కు ఆగదు. 1970లో కంపెనీ చెప్పిన లెక్క 375 హార్స్‌పవర్, 525 పౌండ్-అడుగుల టార్క్. గట్టిపరిచిన ఇన్‌పుట్ డ్రమ్, పది వేన్ల పంపు, గట్టి పంపు రింగులు, పెద్ద సెర్వో, ఇవన్నీ వేసి కట్టించిన దాన్నే తీసుకోవాలి. మాది అమెరికాలో కట్టించి తెప్పించాం. కస్టమ్స్ సుంకం, రవాణా కలిపితే గేర్‌బాక్స్ ధరతో పోటీ పడతాయి, ఆ ఖర్చుకు సిద్ధపడే దిగండి. అమ్మినవాళ్ళ మీద నాకు కోపం ఒక్కటే: ఫుల్ సెట్ అని చెప్పి యోక్, అంటే షాఫ్ట్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే పళ్ళ ముక్క, పంపలేదు. పాత షాఫ్ట్ యోక్‌కు 32 పళ్ళు, కొత్తదానికి 27 కావాలి. అది లేకుండా బండి కదలదు కదా! కేబుల్ బ్రాకెట్ కూడా వేరే కార్బురేటర్‌ది పెట్టారు.

ఆ బ్రాకెట్ విషయమే అసలు విషయం. పాత గేర్‌బాక్స్‌కు ఇంజన్ మీద లోడ్ ఎంతుందో వాక్యూమ్ గొట్టం చెప్పేది. కొత్తదానికి ఆ పని చేసేది టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్, అంటే కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు పోయే ఒక సన్నని తీగ. దీన్ని గేరు మార్చే కేబుల్ అనుకుని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కాదు, లోపల ఆయిల్ ప్రెషర్‌ను పెంచేది తగ్గించేది అదే. వదులుగా ఉంటే ప్రెషర్ చాలదు, క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే కాలతాయి, లక్షలు పోసి తెచ్చిన గేర్‌బాక్స్ కొద్ది కిలోమీటర్లలోనే పోతుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ కూడా సరిగ్గా చివరిదాకా లాగబడాలి, వెంట్రుకవాసి తేడా ఉండొద్దు.

మాకు బిగించింది వరంగల్‌లో ఒక పాత షెడ్డు. అందరూ చాచా అని పిలిచే పెద్దాయన, అంబాసిడర్ల కాలం నుంచి ఇదే పని. ఆటోమేటిక్‌లు ఆయన ఎక్కువగా విప్పలేదు, ఆ మాట ముందే చెప్పాడు, పుస్తకం ఇస్తే చదివించుకుని చేస్తానన్నాడు. చేశాడు కూడా. తప్పు బ్రాకెట్‌ను పక్కనపెట్టి, క్వాడ్రాజెట్ కార్బురేటర్ లీవరు ఎంత తిరుగుతుందో కొలిచి, లేతు మీద కొత్తది చేయించాడు. "కేబుల్ సెట్ గాకుంటే బండి షెడ్డు దాటొద్దు బేటా" అని మామకు కూడా తాళం ఇవ్వలేదు. ప్రెషర్ గేజ్ పెట్టి, పెడల్‌ను కొంచెం కొంచెంగా తొక్కిస్తూ ముల్లు దాంతోపాటే లేస్తోందని చూశాకే వదిలాడు. గేజ్ లేకుండా అంచనా మీద బిగిస్తామనే షెడ్డుకు మీ బండి ఇవ్వకండి, ఎంత పేరున్నదైనా సరే.

ఇప్పుడు నడక. గేర్లు పడుతున్నట్టు దాదాపు తెలియదు, రెండు నుంచి మూడుకు మాత్రం చల్లటి ఇంజన్ మీద చిన్న జర్క్ ఉంది. ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది కన్వర్టర్, అది జారకుండా నేరుగా పట్టేసేది లాకప్; ఆ లాకప్‌కు వాక్యూమ్ స్విచ్ పెట్టించాం, ఆపడానికి డాష్‌బోర్డు కింద ఇంకో స్విచ్. ఎనభై లోపు నాలుగో గేరులో లాకప్ పడితే ఇంజన్ మూలిగి బండి వణుకుతుంది, అందుకే కాజీపేట దాటేదాకా లీవరు మూడులోనే ఉంచుతాం. స్టేషన్ ఘన్‌పూర్ దాటి రోడ్డు ఖాళీ అయ్యాక నాలుగు పడితే ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది, వెనక సీట్లోంచి అత్తమ్మ మామూలుగా మాట్లాడినా ముందుకు వినిపిస్తుంది. మైలేజీ లీటరుకు నాలుగు కూడా రాని బండి హైవే మీద ఐదు దాటింది. నాకు మైలేజీ కన్నా ఆ నిశ్శబ్దమే ఎక్కువ, ఈ కారు చేసింది దానికోసమే.

బరాత్‌లలో జాగ్రత్త. బ్యాండు వెనక గంటల తరబడి పాకించినప్పుడు కన్వర్టర్ జారుతూనే ఉంటుంది, ఆ వేడంతా ఆయిల్‌కే. రేడియేటర్‌లోని కూలర్ మన మే నెలకు చాలదు, విడిగా ఫ్యాన్ ఉన్న కూలర్ వేయించుకోండి, గేర్‌బాక్స్‌లో పోసే డెక్స్రాన్ ఆయిల్ రంగు, వాసన తరచూ చూసుకోండి.

స్టీరింగ్ పక్క లీవరు సంగతి ఇంకా తేలలేదు. కొత్తదానికి ఒక స్థానం ఎక్కువ, పాత సూచికలో దానికి గుర్తు లేదు, లింకేజీ సర్దినా ముల్లు కొంచెం పక్కకు ఆగుతోంది. పాత గేర్‌బాక్స్‌ను అమ్మొద్దని మామకు గట్టిగా చెప్పాను. దాని యోక్, మాడ్యులేటర్ (ఆ వాక్యూమ్ గొట్టం తగిలే ముక్క), కిక్‌డౌన్ స్విచ్ (పెడల్ గట్టిగా తొక్కితే గేరు దించేది) అన్నీ పేర్లు రాసి, ఆయిల్ పూసి చెక్కపెట్టెలో పెట్టించాం. బాడీలో ఎక్కడా కోత పడలేదు కాబట్టి, కావాలంటే మళ్ళీ అదే బిగించుకోవచ్చు.