ఆంధ్రా కాంగ్రెస్‌కు ఏది మేలు: పొత్తా, పెద్ద పేరా, బూత్‌లో మనిషా?

2023 డిసెంబరు 3న తెలంగాణలో కాంగ్రెస్‌కు 119 స్థానాల్లో 64 వచ్చాయి. ఆరు నెలలు తిరిగేసరికి, 2024 జూన్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 2014లో సున్నా, 2019లో సున్నా, మళ్లీ సున్నా. 2009లో ఈ రెండు చోట్లా ఒకే పీసీసీ (పార్టీ రాష్ట్ర శాఖ), కలిసి 156 సీట్లు గెలిచిన పార్టీ. రాష్ట్రం విడగొట్టిన కోపం ఆంధ్రలో ఉంది, నిజమే. కానీ పదేళ్లు దాటినా కోలుకోకపోవడానికి ఆ కోపం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

మా బాబాయి 2009లో మా ఊరి బూత్‌లో చేతి గుర్తు ఏజెంటు. తెల్లవారుజామునే స్నానం చేసి, ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని మాక్ పోల్‌కి వెళ్లేవాడు. లోపల అధికారి పేరు చదవగానే స్కేలు పెట్టి ఆ పేరు మీద గీత కొట్టేవాడు. మధ్యాహ్నానికి ఇంకా ఎవరెవరు రాలేదో చీటీ రాసి బయటికి పంపిస్తే, కుర్రాళ్లు బండ్ల మీద వెళ్లి తీసుకొచ్చేవాళ్లు. 2014లో అదే గది, అదే కుర్చీ, అదే స్కేలు. గుర్తు మాత్రం జగన్ పార్టీ ఫ్యాను. "మారింది గుర్తేరా, మేం కాదు" అన్నాడు. ఆంధ్రలో కాంగ్రెస్ పోగొట్టుకున్నది ఓట్లనే కాదు, ఓట్లు తెచ్చే ఇలాంటి మనుషుల్ని.

ఈ లెక్కతో మూడు దారులు చూద్దాం.

మొదటిది పొత్తు. 2018లో తెలంగాణ కాంగ్రెస్ తెలుగుదేశం, సీపీఐ, తెలంగాణ జన సమితులతో ప్రజాకూటమి కట్టింది. 2014లో ఉన్న 21 సీట్లు కాస్తా 19కి తగ్గాయి. చంద్రబాబు పెత్తనం మళ్లీ వస్తుందన్న కేసీఆర్ ప్రచారానికి కూటమే ఊతమిచ్చింది. 2023లో సీపీఐకి కొత్తగూడెం ఒక్కటే ఇచ్చి మిగతా చోట్ల తనే నిలబడింది, గెలిచింది. ఆంధ్రలో 2024లో సీపీఐ, సీపీఎంలతో కలిసినా ముగ్గురికీ ఏమీ దక్కలేదు. మన దగ్గర బలముంటే పొత్తు దాన్ని పెంచుతుంది. లేనప్పుడు మిగిలేది ఉమ్మడి ప్రెస్ మీట్.

రెండోది పెద్ద పేరు. వైఎస్ కూతురు షర్మిల 2024 జనవరిలో రాష్ట్ర అధ్యక్షురాలయ్యారు. కడప లోక్‌సభకు పోటీ చేసి లక్షా నలభై వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు, మూడో స్థానం. 2019లో పార్టీకి రాష్ట్రంలో నోటా కంటే తక్కువ ఓట్లు వచ్చాయని గుర్తుంచుకుంటే ఇది చిన్న విషయం కాదు. అయినా అసెంబ్లీకి రాష్ట్రమంతా కలిపి పార్టీకి వచ్చింది రెండు శాతం లోపే. పేరు పలికే చోట పలికింది. మిగతా జిల్లాల్లో ఆ పేరును ఇంటింటికీ మోసే వాళ్లు లేరు. పైగా ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాంగ్రెస్ ప్రభుత్వంలో పుట్టినవే అయినా, జనం వాటిని పార్టీ ఖాతాలో కాక వైఎస్ ఖాతాలో వేశారు. ఆ ఖాతాకు జగన్ చాలా ముందే వారసుడయ్యారు.

మూడో దారి నెమ్మదిగా సాగేది, నేను మొగ్గేది దానికే. తెలంగాణ కాంగ్రెస్ తక్కువ దెబ్బలు తినలేదు. 2019 జూన్‌లో 12 మంది ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో కలిసిపోయారు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో మూడు వేల ఓట్ల దగ్గర ఆగి డిపాజిట్ పోయింది. మునుగోడులోనూ డిపాజిట్ పోయింది. ఇక పార్టీ పనైపోయిందని టీవీల్లో చెప్పుకున్నారు. కానీ ఆ ఎమ్మెల్యేలు వెళ్లిపోతున్న 2019 వేసవిలోనే పరిషత్ ఎన్నికలు జరిగాయి. 32 జిల్లా పరిషత్తులూ టీఆర్‌ఎస్‌కే పోయినా, కాంగ్రెస్‌కు వెయ్యికి పైగా ఎంపీటీసీలు (మండల పరిషత్ సభ్యులు) మిగిలారు. ఎమ్మెల్యే పోతే ఒక్క మనిషి పోతాడు. ఎంపీటీసీ మిగిలితే ఆ నాలుగైదు బూత్‌ల్లో మనుషులు మిగులుతారు. 2023లో భట్టి విక్రమార్క ఆదిలాబాద్ జిల్లా నుంచి ఖమ్మం దాకా నడిచారంటే, దారి పొడవునా టెంట్ వేసేవాళ్లు, జెండా కట్టేవాళ్లు, అన్నం వండేవాళ్లు ఉండబట్టే. రేవంత్ రెడ్డి దూకుడు, ఆరు గ్యారంటీలు పనిచేశాయి, కాదనను. అవి ఊరికి చేరడానికి ఒక మనిషి ముందే అక్కడ ఉన్నాడు.

ఈ పనికి కనీసం పదేళ్లు పడుతుంది, నాయకులకు అంత ఓపిక ఉంటుందా అన్నదే నా టెన్షన్. మొదలుపెట్టాల్సింది అసెంబ్లీ దగ్గర కాదు. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తు ఉండదు, ఎంపీటీసీకి ఉంటుంది. మండలానికి రెండు ఎంపీటీసీ స్థానాలు ఎంచుకుని, ఆ ఊళ్లలో ప్రతి బూత్‌కూ ఒక ఏజెంటును సిద్ధం చేసుకుంటే, ఓడినా ఆ మనిషి మిగులుతాడు. అప్పుడు పొత్తు అడగడానికి బలం ఉంటుంది, పెద్ద పేరును మోయడానికి భుజం ఉంటుంది.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు బాబాయిని అడిగాను, మళ్లీ చేతి గుర్తుకు కూర్చుంటావా అని. డెబ్బై దాటిన మనిషి, కాసేపు ఆలోచించాడు. "అడగడానికి ఎవడైనా ఊళ్లోకి రావాలి కదరా" అన్నాడు.