అరిజోనాలో వాడిన మోటార్‌హోమ్ కొనబోతున్నారా? డ్రైవరు క్యాబ్ మీది మూలలు నొక్కి చూశాకే సంతకం పెట్టండి

రిటైరయ్యాక కూడా ఇంకా ఈ మంచు ఎత్తిపోసుకోవడం ఎందుకు, చలికాలం అరిజోనా వెళ్ళి, అక్కడే వాడిన మోటార్‌హోమ్ (లోపలే కాపురం ఉండగలిగే బండి) ఒకటి కొనుక్కుని మార్చి దాకా గడిపేద్దాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళండి, నేనేం వద్దనడం లేదు. కానీ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎడారిలో వాన ఎప్పుడో గానీ పడదు కాబట్టి, కారే బండి కూడా నెలల తరబడి కారని బండిలాగే కనిపిస్తుంది. పైగా ఆ ఎండకి పైకప్పు అతుకుల్లోంచి నీరు దిగకుండా పూసే సీలెంట్ ఎండి, బీటలు వారి ఉంటుంది. మాకు అంటగట్టింది సరిగ్గా అలాంటి బండినే.

మేం ఉండేది మిషిగన్‌లో. కొన్నది క్లాస్ సి మోటార్‌హోమ్. ఫోర్డ్ ఈ-450 వ్యాను ముందుభాగం అలాగే ఉంచి, వెనక ఇల్లు కట్టి, డ్రైవరు కూర్చునే క్యాబ్ నెత్తి మీదుగా ఒక పడక ముందుకి చొచ్చుకొచ్చేలా చేస్తారు చూడండి, ఆ రకం. వి-10 ఇంజన్, తిరిగిన మైళ్ళు తక్కువ. ఇంజన్, బ్రేకులు, గేర్లు బయటి మెకానిక్‌కి చూపించాం. బాగున్నాయన్నాడు. ఆ మాట నిజమే, ఇప్పటికీ బాగున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, మెకానిక్ చూసేది బండిని, మనం కాపురం చేసేది ఇంట్లో. ఆ ఇంటి సంగతి డీలరు తన చెక్‌లిస్టులో రాసిచ్చాడు. పైకప్పు, కిటికీల సీలింగు, లీకు పరీక్ష, అన్నింటికీ టిక్కులు, అడుగున సంతకం. లోపల గోడలకి కొత్త వాల్‌పేపర్, లేత బూడిదరంగు మీద సన్నటి ఆకుల డిజైను. మా ఆవిడకి భలే నచ్చింది.

బండి తీసుకుని క్వార్ట్‌సైట్ వెళ్ళాం. ఐ-10, 95 రోడ్లు కలిసేచోట ఉన్న చిన్న ఊరు. చలికాలం వచ్చిందంటే చుట్టూ ఎడారంతా మోటార్‌హోమ్‌లే. ఊరికి దక్షిణాన లా పోసా అని ప్రభుత్వ భూమి ఉంది. అక్కడ సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్ పర్మిట్ మీద ఉండనిస్తారు. మేం తీసుకున్నప్పుడు 180 డాలర్లు. కరెంటు కనెక్షన్ ఇవ్వరు గానీ, నీళ్ళు పట్టుకోవడానికీ మురుగు ట్యాంకు ఖాళీ చేయడానికీ చోటుంది.

అక్కడి రోజువారీ జీవితం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో బాధ కలిగించింది డబ్బు ఒక్కటే కాదు. రాత్రి చలికి ఇడ్లీ పిండి పొంగేది కాదు. మా ఆవిడ పొద్దున్నే ఆ గిన్నె తీసుకెళ్ళి డాష్‌బోర్డు మీద అద్దం వెనక ఎండలో పెట్టేది. సాయంత్రానికి మూత పైకి లేచి ఉండేది. మిక్సీ పనులన్నీ మధ్యాహ్నం జనరేటర్ వేసినప్పుడే. ఇండియాకి ఫోన్ చేయడానికి లెక్కలక్కర్లేదు. అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు, ఏడాది పొడవునా తేడా పన్నెండున్నర గంటలే. మాకు సాయంత్రం ఆరయితే, మా చెల్లెలికి విజయవాడలో ఆరున్నరకి పొద్దుటి కాఫీ. పక్కన కెనడా నుంచి వచ్చిన జంట, అటుపక్క మిన్నెసోటావాళ్ళు. అందరూ మా ఈడువాళ్ళే, అందరికీ మోకాళ్ళ నొప్పులే.

జనవరిలో ఒక రాత్రి వాన పట్టుకుంది. పెద్ద వానేమీ కాదు, తెల్లారేదాకా సన్నగా పడింది. ఈ వయసులో నిచ్చెనెక్కి పైపడక మీద పడుకునే ఓపిక ఎవరికుంది గనక, ఆ చోటుని మేం సామానుకి వాడేవాళ్ళం. బియ్యం బస్తా, పప్పులు, అదనపు దుప్పట్లు. పొద్దున్నే బియ్యం తీయబోతే బస్తా అడుగు చెమ్మగా ఉంది. దుప్పటి అంచు పిండితే నీళ్ళొచ్చాయి. మూలన గోడ మీద చెయ్యి పెట్టి నొక్కితే బొటనవేలు లోపలికి దిగింది, నానిన బిస్కెట్‌లో దిగినట్టు.

పక్క బండి కెనడా ఆయన పూర్వం వడ్రంగి పని చేసినవాడు. ఆయనే వచ్చి ఆ మూల వాల్‌పేపర్ మెల్లగా లేపాడు. కింద కొత్త పలచటి ప్లైవుడ్ ముక్క, దాని చుట్టూ తళతళలాడుతున్న స్టేపుల్ పిన్నులు. ఆ ముక్క ఊడదీస్తే అసలు చెక్క నల్లగా, పిండిలా రాలింది. అంటే ఇది ఆ రాత్రి వానకి పాడైనది కాదు. ఏళ్ళ తరబడి కారి, పుచ్చి, ఎవరో పైన తడిక కట్టినట్టు కప్పేసిన పని. తర్వాత ఆయన నిచ్చెనేసి బయటి అతుకు చూశాడు. అంతటా పాత సీలెంట్ మట్టిరంగులో పగిలి ఉంటే, ఆ మూలన మాత్రం దాని మీదే తెల్లగా కొత్తది పూసి ఉంది. పాతది గీకి తీయకుండా పైన పూస్తే అది అతుక్కోదట.

డీలరు దగ్గరికి వెళ్ళాం. ముందు మర్యాదగానే మాట్లాడాడు. తర్వాత, ఇదంతా పాత ఓనరు చేసిన పని, మాకేం తెలుసు అన్నాడు. మాట్లాడుతుండగా మా ఆవిడ అక్కడ అమ్మకానికి పెట్టిన ఇంకో బండి ఎక్కి చూసి వచ్చి నన్ను రమ్మంది. అదే లేత బూడిదరంగు, అవే ఆకులు. ఆ వరసలోనే ఇంకోదాన్లో కూడా. ఇన్ని బండ్లకీ పాత ఓనరు ఒక్కడే అయ్యుండాలి మరి! అది చూపించాక మర్యాద పోయింది. సంతకం పెట్టిన కాగితంలో "యాజ్ ఈజ్" అని ఉంది కదా, ఉన్నది ఉన్నట్టుగా కొన్నారు, మాకు పూచీ లేదు అని చేతులెత్తేశాడు.

మాకు బండితోపాటు ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఒక సర్వీస్ కాంట్రాక్టు కూడా అమ్మారు. కప్పు నుంచి చక్రం దాకా అన్నీ వస్తాయని నోటిమాటగా చెప్పారు. క్లెయిమ్ పెడితే వచ్చిన జవాబు రెండు ముక్కలు: నీటి చెమ్మ వల్ల వచ్చే పుచ్చు వర్తించదు, కొనకముందే ఉన్న లోపం అసలే వర్తించదు. మోటార్‌హోమ్‌లో ఖరీదైన రోగం నీరే. అది పోగా మిగిలిన వారంటీ దేనికి? దాన్ని రద్దు చేసుకుంటే వాడిన కాలానికి కోసుకుని మిగతాది వెనక్కిచ్చారు. మీకు ఎవరైనా ఇది అమ్మబోతే "వర్తించనివి" అన్న పేజీ ముందు చదవండి, మిగతాది తర్వాత. క్యాబ్ పైభాగం విప్పి మళ్ళీ కట్టడానికి షాపువాళ్ళు చెప్పిన అంచనా వేలల్లో ఉంది. విప్పేకొద్దీ ఇంకా పుచ్చు బయటపడి ఖర్చు తడిసి మోపెడైంది.

చట్టం ఆదుకుంటుందనే ధైర్యం చాలామందికి ఉంటుంది. మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చు అంటారు. అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ళలాంటి అమ్మకాల కోసం పెట్టిన ఫెడరల్ నియమం, డీలరు అంగడిలో మనమే వెళ్ళి కొన్న బండికి వర్తించదు. వాడిన కార్లకి డీలరు కిటికీ మీద ఒక కాగితం అంటించాలి, వారంటీ ఉందో లేదో అందులో రాయాలి. ఆ ఫెడరల్ నియమం కూడా 8,500 పౌండ్ల లోపు బరువు రేటింగు ఉన్న వాహనాలకే. ఈ-450 మీద కట్టిన బండి ఆ హద్దు ఎప్పుడో దాటేసింది. కొత్త బండి అయినా సరే, ఉదాహరణకి కాలిఫోర్నియాలో లోపాలున్న బండ్లు కొన్నవాళ్ళ కోసం పెట్టిన లెమన్ చట్టంలో మోటార్‌హోమ్ నడిచే భాగానికి ఉన్న రక్షణ, మనుషులు ఉండే భాగానికి అలాగే ఉండదు. మేం అరిజోనా అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు పెట్టాం. లీకు పరీక్ష "పాస్" అని రాసిచ్చిన కాగితమే మా చేతిలో ఉన్న ఆయుధం. అందుకే నోటిమాటలు నమ్మకండి, ప్రతిదీ రాయించుకోండి.

ఇక మీరు కొనేటప్పుడు. వేలు పోసి కొంటున్నప్పుడు సొంత ఇన్‌స్పెక్టర్ని పెట్టుకోవడానికి వెనకాడకండి. ఎన్‌ఆర్‌వీఐఏ అనే సంఘం సర్టిఫికెట్ ఇచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఉంటారు, ఇంజన్ కాదు, ఇల్లు చూడటమే వాళ్ళ పని. డీలరు చూపించే మనిషి వద్దు. మీరు పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ని రెండు అడగండి: పైకప్పు ఎక్కి ప్రతి అతుకూ ఫోటో తీయమని, గాలి ఒత్తిడితో లీకు పరీక్ష చేయమని. కప్పు మీది ఒక వెంటు (గాలి ఆడే రంధ్రం) దగ్గర బ్లోయరు బిగించి లోపలికి గాలి ఎక్కిస్తారు, బయట అతుకుల మీద సబ్బునీళ్ళు కొడతారు, సందున్న చోట బుడగలొస్తాయి. వాన లేని ఊళ్ళో లీకు పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. చెమ్మ కొలిచే మీటరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎడారిలో నెలల తరబడి ఎండిన పుచ్చుచెక్క కూడా మీటరుకి పొడిగానే కనిపించవచ్చు. వేలితో నొక్కండి. క్యాబ్ మీది పడక మూలలు, కిటికీల కింద, స్లైడ్-అవుట్ (బండి ఆపాక బయటికి జరిగే గది భాగం) నేల అంచులు, షవరు గోడ. సాయంత్రం ఏటవాలు ఎండలో బండి పక్కన నిలబడి గోడ పొడవునా చూస్తే, లోపలి ప్లైవుడ్ నాని ఫైబర్‌గ్లాస్ ఉబ్బిన చోట అలల్లా కనిపిస్తుంది. పాత బండిలో కొత్త వాల్‌పేపర్ ఉంటే మురిసిపోకండి, ఎందుకు వేశారో అడగండి.

టైర్లకి అరుగుదల కాదు, వయసు చూడాలి. టైరు పక్కగోడ మీది డీఓటీ అంకెల చివరి నాలుగు చదవండి: 2316 అంటే 2016లో 23వ వారం. వెనక జంట చక్రాల్లో లోపలివి తప్పకుండా చూడండి, బయటివి మాత్రమే మార్చి అమ్మేవాళ్ళున్నారు. ఫ్రిజ్ గ్యాసు మీద చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే వేసి ఉంచమనండి. జనరేటర్ మీద ఏసీ పెట్టి అరగంట నడిపించండి.

ఇన్‌స్పెక్టర్ అంటే అమ్మేవాడు మొహం చిట్లిస్తే అక్కడినుంచి వచ్చేయండి. నవంబర్, డిసెంబర్లలో మనలాంటివాళ్ళు ఉండటానికి బండి కావాలన్న టెన్షన్‌తో వస్తారని వాళ్ళకి బాగా తెలుసు, "ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు" అనే మాట అప్పుడే వింటాం. మొదటి చలికాలం అద్దె బండితో గానీ, మోటార్‌హోమ్‌లు నిలిపే పార్కులో అద్దెకిచ్చే ఇంట్లో గానీ గడిపేయండి. మార్చి, ఏప్రిల్లో కెనడావాళ్ళూ ఉత్తరాదివాళ్ళూ ఇళ్ళకి బయల్దేరేటప్పుడు, ఇక ఓపిక లేదని బండి అమ్ముకునేవాళ్ళు కొందరుంటారు. ఆ చలికాలమంతా అందులో కాపురం చేసినవాళ్ళు, వాన పడిన రోజు ఎక్కడ గిన్నె పెట్టాల్సివచ్చిందో చెప్పగలరు.