మా ఫ్యాక్టరీ మేనేజర్లకు చేయించిన కస్టమ్ ప్రోగ్రామ్: ఐదుకి మూడున్నర

మాది హైదరాబాద్ దగ్గర పాశమైలారంలో బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ. నేను హెచ్‌ఆర్‌లో ట్రైనింగ్ చూస్తాను. పోయిన ఏడాది ప్రొడక్షన్, క్వాలిటీ, ఇంజినీరింగ్ మేనేజర్లు 26 మందికి ఒక యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ చేత ప్రత్యేకంగా ప్రోగ్రామ్ చేయించాం. డిగ్రీ రాదు, డిప్లొమా రాదు. మూడు విడతల్లో తొమ్మిది రోజుల క్లాసులు, మధ్యలో ప్రాజెక్టులు, చివర్లో ఒక సర్టిఫికెట్. పేరు చెప్పను, ఎందుకంటే చెడగొట్టిందీ వాళ్లే, సరిదిద్దిందీ వాళ్లే. ఇలాంటివి కొనేవాళ్లు బ్రోషర్‌లో ప్రొఫెసర్ల ఫొటోలు చూసి సంతకం పెట్టేస్తారు, నేనూ అదే చేశాను కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఈ చదువులకు కొదవ లేదు. ఖైరతాబాద్ బెల్లా విస్టాలో ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) ఉంది, 1956లో పెట్టింది, మేనేజర్లకు ట్రైనింగ్ అంటే మా పాతతరం డైరెక్టర్లకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) 2001 నుంచి నడుస్తోంది. విశాఖలో 2015లో ఐఐఎం కూడా వచ్చింది. మేం వెళ్లింది ఈ మూడింటిలో దేనికీ కాదు. అన్ని కంపెనీల వాళ్లూ చేరే ఓపెన్ ప్రోగ్రామ్‌కి నలుగురిని పంపితే సరిపోదా అని మా ఎండీ అడిగారు. ఒక్కొక్కరికి కొత్త విషయాలు, కొత్త పరిచయాలు కావాలంటే ఓపెనే మేలు. కానీ మా రోగం వేరు, బ్యాచ్ ఎక్కడైనా తేడా కొడితే ప్రొడక్షన్ వాళ్లు క్యూఏని (క్వాలిటీ అష్యూరెన్స్‌ని) అంటారు, క్యూఏ వాళ్లు ప్రొడక్షన్‌ని అంటారు. ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాలి.

మొదటి విడత చూసి నాకు చెమటలు పట్టాయి. సబ్జెక్టు బాగా తెలిసిన ప్రొఫెసరే, గొంతు కూడా బాగుంది, కాకపోతే స్లైడ్లు ఏదో బ్యాంకు కోసం చేసినవి. కింద మూలన ఆ బ్యాంకు పేరు కూడా తీయలేదు. "మీ బ్రాంచికి వచ్చిన కస్టమర్ కోపంగా ఉన్నాడనుకోండి" అని ఆయన మొదలుపెట్టగానే మా రియాక్టర్ సెక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జి చెయ్యెత్తి, "సార్, మా బ్రాంచికి సాల్వెంట్ ట్యాంకర్లు తప్ప ఎవరూ రారు" అన్నాడు. గదంతా ఒకటే నవ్వు. ప్రొఫెసర్ గారూ నవ్వేశారు, నాకే నవ్వు రాలేదు, ఆ బిల్లు పాస్ చేయించాల్సింది నేను.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. మా అవసరాలు తెలుసుకోవడం అని ప్రపోజల్‌లో ఒక పేజీ రాశారు గానీ, జరిగింది మా హెచ్‌ఆర్ హెడ్‌తో అరగంట ఫోన్ కాల్, అంతే. ప్లాంటుకు ఎవరూ రాలేదు. మాకు కేటాయించిన ప్రోగ్రామ్ మేనేజర్ చేతిలో మరికొన్ని కంపెనీలు కూడా ఉన్నాయట, పైగా నోటీసు పీరియడ్‌లో ఉన్నాడట. మాకెవరూ చెప్పలేదు.

నేను గట్టిగా మెయిల్ పెట్టాక వేరే ఆవిడకు అప్పగించారు. మూడున్నర ఇచ్చానంటే ఆవిడ వల్లే. ఫోన్‌లో మొదటి మాటే, "మీ షిఫ్ట్ ఎన్నింటికి మారుతుందండీ?" మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉంది. గౌను, షూ కవర్లు వేసుకుని లోపలికొచ్చి, దిగే ఇన్‌చార్జి ఎక్కే ఇన్‌చార్జికి ఒక బ్యాచ్ గురించి నిలబడి అప్పజెబుతుంటే పది నిమిషాలు పక్కనే ఉండి విన్నది. ఉష్ణోగ్రత కాసేపు హద్దు దాటిందని నోటితో చెప్పాడు, రిజిస్టర్‌లో రాయలేదు. మేం రోజూ చూసేదే, మాకు కనిపించలేదు. ఆవిడ నోట్ చేసుకుంది.

ప్లాంటు విషయాలు బయటపెట్టకూడదన్న ఒప్పందం మీద మా లీగల్ వాళ్లే మూడు వారాలు కూర్చున్నారు, ఆ ఆలస్యం మాదే. ఆ తర్వాత అదే సంఘటన మీద, పేర్లు మార్చి, ప్రొఫెసర్ చేత రెండు పేజీల కేసు రాయించింది. రెండో విడతలో దాన్ని పంచగానే క్యూఏ మేడమ్ ఒకరు "ఇది మన మూడో బ్లాకే కదా" అన్నారు, అక్కడ మొదలైన గొడవ లంచ్ దాటినా ఆగలేదు, పప్పుచారు చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. ప్రొఫెసర్ ఎక్కువ మాట్లాడలేదు, అడ్డుకోలేదు. డబ్బులు పెట్టింది దీనికే.

కనిపించని పనులూ ఆవిడే చూసుకుంది. ప్రొఫెసర్ల తేదీలు, వెండర్ రిజిస్ట్రేషన్, పీఓ (పర్చేజ్ ఆర్డర్), గదులు. మూడో విడతకు పది రోజుల ముందు మా దగ్గర ఇన్‌స్పెక్షన్ పడితే వాయిదా అడగాల్సి వచ్చింది, ఒప్పందం ప్రకారం సగం ఫీజు పోవాలి. హోటల్ క్యాన్సిలేషన్ ఖర్చు మాత్రం తీసుకుని కొత్త తేదీలు సర్దింది.

డబ్బు సంగతి ముందే చూసుకోండి. మా కోట్‌లో "పన్నులు అదనం" అని చిన్న అక్షరాల్లో ఉంది, అంటే 18 శాతం జీఎస్టీ. చదువు మీద పన్నేంటని మా అకౌంట్స్ ఆయన పోట్లాడాడు. ఐఐఎంలలో కూడా డిగ్రీ, డిప్లొమా ఇచ్చే దీర్ఘకాలిక కోర్సులకే మినహాయింపు, ఇలాంటి పొట్టి ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్‌లకు పన్ను పడుతుందని 2019 జనవరి 1 నాటి సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. ఆ జీఎస్టీని మీరు కట్టే పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

సర్టిఫికెట్ దగ్గర ఇంకో పేచీ. హాజరు 80 శాతం ఉండాలన్న రూల్ చివరి వారం దాకా బయటపెట్టలేదు. బాయిలర్ ఆగిపోతే ప్లాంటుకు పరుగెత్తిన మా ఇంజినీరింగ్ ఆయనకు సర్టిఫికెట్ ఆగింది. అదనంగా ఒక రిపోర్టు రాయించుకుని ఇచ్చారు. రూల్ తప్పని అనను, మొదటిరోజే చెప్పాల్సింది. అన్నట్టు, మావాళ్లు ఎక్కువగా అడిగిన ప్రశ్న "సార్, మేం అలుమ్నై (ఆ స్కూల్ పూర్వ విద్యార్థులం) అవుతామా?" అవరు అన్నదే జవాబు. అది కూడా ముందే అడిగి పెట్టుకోండి, లేకపోతే లింక్డ్‌ఇన్‌లో తమాషాలు చూడాల్సి వస్తుంది.

ఫీడ్‌బ్యాక్ ఫారాలను మాత్రం నమ్మకండి. ఆ బ్యాంకు స్లైడ్ల విడతకు కూడా మావాళ్లు 4.3 వేశారు, క్యాంపస్ చల్లగా ఉంది, బిర్యానీ బాగుంది. ట్రైనింగ్ పనిచేసిందో లేదో కొలవడానికి కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా. అందరం మొదటి మెట్టు మీదే కూర్చుంటాం. మూడు నెలల తర్వాత ఫాలోఅప్ అని ప్రపోజల్‌లో ఉన్నా ఎవరికీ గుర్తులేదు, ఆవిడే ఫోన్ చేసింది. ఆరు ప్రాజెక్టుల్లో రెండు బతికున్నాయి, ఒకటి షిఫ్ట్ అప్పగింత షీటు, రోజూ వాడుతున్నారు. మిగతావి పోవడంలో మా పెద్దల పాత్ర కూడా ఉంది, రివ్యూకి రమ్మంటే ఒక్కరూ రాలేదు.

మొదటి విడతకు ఒక మార్కు, సర్టిఫికెట్ గోలకు అర మార్కు తీసేశాను. రెండో బ్యాచ్‌కి ప్రపోజల్ వచ్చింది. మళ్లీ ప్రొఫెసర్ల ఫొటోలే, ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఈసారి ఆవిడే చూస్తారని రాతపూర్వకంగా ఇవ్వండి అని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు, పీఓ నా టేబుల్ మీదే ఉంది.