ఉపమానాల మీద జూమ్ క్లాసులు: నాలుగు స్టార్లు

బైబిల్లో యేసు జీవితం చెప్పే సువార్తల్లోని ఉపమానాల మీద, అంటే ఆయన చెప్పిన నీతికథల మీద, ఒక బైబిల్ సంస్థ శనివారం రాత్రుళ్లు జూమ్‌లో పెట్టే క్లాసులు ఈమధ్యే పూర్తిచేశాను. కట్టిన ఫీజుకు న్యాయం జరిగింది.

లూకా సువార్త 15వ అధ్యాయం క్లాసు ఒక్కటి చాలు. మాస్టారు తప్పిపోయిన కుమారుడి కథతో (ఆస్తి పాడుచేసుకుని తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు) మొదలుపెట్టలేదు, ముందు మొదటి రెండు వచనాలే అందరిచేతా చదివించారు. సుంకరులతో (పన్ను వసూలుచేసేవాళ్లతో), పాపులతో కలిసి భోంచేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు అనే యూదు మతపెద్దలు సణుగుతుంటే యేసు చెప్పిన కథ ఇది. అది గుర్తుంటే, తనకు మేకపిల్లనైనా ఇవ్వలేదని అలిగి బయటే నిలబడ్డ పెద్దకొడుకు ఆ సణిగేవాళ్లేనని ఇట్టే తెలిసిపోతుంది. అతను లోపలికి వెళ్లాడా లేదా లూకా చెప్పడు. మా సంఘంలో (చర్చిలో) ప్రసంగాలు చిన్నవాడు ఇల్లు చేరగానే ఆగిపోతాయి మరి!

మంచి సమరయుడి కథ (దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఒక పరాయివాడు ఆదుకుని పూటకూళ్ల ఇంట్లో చేరుస్తాడు) క్లాసులో తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీను వ్యాఖ్యానం చూపించారు: దెబ్బలు తిన్నవాడు ఆదాము, పూటకూళ్ల ఇల్లు సంఘం, దాన్ని నడిపేవాడు తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు. వినడానికి బాగుంది గానీ, "నా పొరుగువాడెవడు" అని యేసును అడిగిన అసలు ప్రశ్న ఎటో కొట్టుకుపోతుంది. ప్రతి వస్తువుకీ గూఢార్థం వెతకొద్దన్నారు, సరే. మరి విత్తనాలు రకరకాల నేలల్లో పడే విత్తువాని ఉపమానానికి యేసే విడివిడిగా అర్థం చెప్పాడు కదా అని అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత రానే లేదు. ఒక స్టారు అక్కడే పోయింది.

నోట్సు పీడీఎఫ్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫోన్‌లో చదవలేం. రికార్డింగులు వారానికే తీసేస్తారు, నైట్ డ్యూటీ వాళ్లు ముందే కనుక్కుని చేరండి.